మీకు తెలుసా? కట్టడంతో తీరని వంతెన ఖర్చు

తోటమాలి పేటెంటు

ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటుకు తొలినాళ్ళలో పేటెంటు పుచ్చుకున్నది ఇంజనీరేమీ కాదు, జోసెఫ్ మోనియే అనే ఫ్రెంచి తోటమాలి. మొక్కలు పెంచే పెద్ద తొట్లు ఊరికే పగిలిపోతుంటే సిమెంటు లోపల ఇనుప తీగల వల పెట్టి చూశాడు. తొట్టి నిలిచింది. 1867లో పేటెంటు వచ్చింది. 1875లో షాజెలే అనే చోట ఒక కోట కందకం మీద అదే పద్ధతిలో చిన్న వంతెన కట్టారు. ఈ తరహా వంతెనల్లో ప్రపంచంలోనే మొదటిదిగా దాన్ని చెప్పుకుంటారు.

ఇనుముకూ కాంక్రీటుకూ జత కుదరడంలో రెండు అదృష్టాలున్నాయి. ఎండకు రెండూ దాదాపు ఒకే మోతాదులో వ్యాకోచిస్తాయి. అలా కాకపోతే మన రోహిణి కార్తె ఎండలకే రెండూ విడిపోయేవి. ఇక రెండోది, గట్టిపడిన సిమెంటులో ఉండే క్షారగుణం ఇనుముకు తుప్పు పట్టనివ్వదు. వంతెన ఎన్నేళ్ళు నిలుస్తుంది, దాని మీద ఎంత ఖర్చవుతుంది అన్నదంతా ఈ రెండో అదృష్టం ఎన్నాళ్ళు కొనసాగుతుందన్న దాన్నిబట్టే ఉంటుంది.

గులాబీ రంగు వస్తే మంచిదే

ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో టైట్రేషన్ చేసినవాళ్ళకు ఫినాల్ఫ్తలీన్ గుర్తుండే ఉంటుంది. పాత వంతెనలను పరీక్షించే ఇంజనీర్ల సంచిలోనూ ఆ సీసా ఉంటుంది. కాంక్రీటు పెచ్చు కొద్దిగా పగలగొట్టి, దుమ్ము ఊది, తాజాగా బయటపడ్డ ముఖం మీద ఆ ద్రావణం చల్లుతారు. లోపలి భాగం క్షణాల్లో ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది. అంటే క్షారం ఇంకా ఉంది, ఉప్పు దిగకపోయి ఉంటే చువ్వ క్షేమంగా ఉంది. పైభాగాన మాత్రం ఒక పట్టీలాగా రంగు రాకుండా సిమెంటు రంగే మిగిలిపోతుంది. ఆ పట్టీలో క్షారం చచ్చిపోయింది. స్కేలు పెట్టి ఆ పట్టీ మందం కొలుస్తారు.

దానికి కారణం గాలిలోని బొగ్గుపులుసు వాయువు. అది సన్నని రంధ్రాల గుండా లోపలికి పాకి, సిమెంటులోని కాల్షియం హైడ్రాక్సైడును సున్నపురాయిగా మార్చేస్తుంది. కొత్త కాంక్రీటులో పీహెచ్ 12.5 పైనే ఉంటుంది. అది 9 దాకా పడిపోయిందంటే చువ్వ మీద కంటికి కనపడనంత పల్చగా ఉన్న రక్షణ పొర కరిగిపోతుంది. అక్కడి నుంచి తేమా ప్రాణవాయువూ తమ పని మొదలుపెడతాయి.

ఈ పాకుడుకు ఒక లెక్కుంది. కాలం వర్గమూలాన్నిబట్టి అది లోపలికి పోతుంది. మొదటి పదేళ్ళలో 10 మిల్లీమీటర్లు పోయిందనుకోండి, 20కి చేరడానికి మొత్తం 40 ఏళ్ళు పడుతుంది, 30కి 90 ఏళ్ళు. దీన్నే తిరగేసి చూస్తే గుండె గుభేలుమంటుంది. 30 మిల్లీమీటర్ల కవర్ ఉండాల్సిన చోట 15 మాత్రమే వదిలారంటే ఆయుష్షు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. చువ్వకూ బయటి గాలికీ మధ్య ఉండే కాంక్రీటు మందాన్నే కవర్ అంటారు.

దాన్ని నిలబెట్టేది అరచేతిలో ఇమిడే సిమెంటు బిళ్ళ. కవర్ బ్లాక్ అంటారు, ధర కొద్ది రూపాయలే. సైటులో అది అయిపోతే రాడ్ల కింద కంకర రాయో, గ్రానైటు ముక్కో తోసేస్తారు. కాంక్రీటు పోసేటప్పుడు ఆ రాడ్ల మీద పదిమంది నడుస్తారు. రాయి జారుతుంది, కంబి వెళ్ళి సెంట్రింగు రేకుకు ఆనుకుంటుంది. రేకులు విప్పాక పైన నున్నగా సిమెంటు పాలు పూసేస్తే ఆ తప్పు ఎవరికీ కనపడదు. ఇరవై ఏళ్ళ తర్వాత కనపడుతుంది. అప్పటికి కాంట్రాక్టరుకు డిపాజిట్ కూడా వెనక్కి ఇచ్చేసి ఉంటారు.

బస్తాకు ఐదు లీటర్లు

సముద్రతీరంలో కట్టే రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటులో సిమెంటు బరువులో నీళ్ళ వాటా 0.45 దాటకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. 50 కిలోల బస్తాకు అది ఇరవై రెండున్నర లీటర్లు. మాల్ గట్టిగా ఉంది, పారడం లేదని ఇంకో ఐదు లీటర్లు పోశారనుకోండి. 27.5 లీటర్లయింది, అంటే 0.55. అదే ప్రమాణం ఆ పాళ్ళను ఎండావానా పెద్దగా తగలని, సముద్రానికి దూరంగా ఉండే కట్టడాలకు మాత్రమే ఒప్పుకుంటుంది. తీరం కోసం కొన్న సిమెంటు కాస్తా ఒక్క బకెట్టు దెబ్బకు ఇంటి లోపలి గదికి సరిపోయే కాంక్రీటు అయింది. ఇందులో తడి ఇసుకతో వచ్చిన నీళ్ళు లెక్కలోకి రానేలేదు.

సిమెంటుతో కలిసి రాయిగా మారేది ఆ నీళ్ళలో కొంతే. మిగతావి ఆవిరైపోతూ తాము వచ్చిన దారులన్నీ తెరిచిపెట్టి పోతాయి. గాలికీ ఉప్పుకూ ఆ తర్వాత అవే దారులు.

తుప్పు ఎందుకు పగలగొడుతుంది?

తుప్పంటే ఇనుము అరిగిపోవడమే అనుకుంటాం. కాంక్రీటులో అసలు గొడవ అది లావెక్కడంతో మొదలవుతుంది. పుట్టిన తుప్పు రకాన్నిబట్టి, పోయిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటు ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది గానీ లాగితే తట్టుకోలేదు. నొక్కుడు బలంలో పదో వంతు కూడా లాగుడు బలం ఉండదు. గోడ పగుల్లో మొలిచిన రావి మొక్కలా తుప్పు లోపలి నుంచి తోసుకొస్తుంది. మొదట చువ్వ వెంబడి సన్నని గీత, తర్వాత గోధుమ రంగు మరక, ఆ తర్వాత పెచ్చు. పెచ్చు ఊడిందంటే గాలికి తలుపు తెరిచినట్టే, ఇక వేగం పెరుగుతుంది.

మునిగిన స్తంభం కంటే తడిసి ఆరే స్తంభానికే ముప్పు

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 19 గ్రాముల క్లోరైడు ఉంటుంది. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు కలిపే నీటిలో లీటరుకు అర గ్రాము దాటకూడదని ఐఎస్ 456 నియమం. అంటే దాదాపు 38 రెట్ల తేడా. కడగని బీచ్ ఇసుక ఎందుకు పనికిరాదో ఇదే చెబుతుంది.

క్లోరైడు చేసే పని బొగ్గుపులుసు వాయువు పనికన్నా కుటిలమైనది. అది క్షారం చచ్చేదాకా ఆగదు. పీహెచ్ బాగానే ఉన్నా రక్షణ పొరకు అక్కడక్కడా చిల్లులు పొడిచి, చువ్వను గుంటలు గుంటలుగా కొరుకుతుంది. ఒకచోట చువ్వ సగానికి సన్నబడి ఉంటుంది, బెత్తెడు అవతల కొత్తదానిలా మెరుస్తుంటుంది. పైగా ఈ చర్యలో క్లోరైడు ఖర్చయిపోదు. పని చేసి మళ్ళీ విడుదలై ఇంకోచోట మొదలుపెడుతుంది.

ఇంకో వింత. సముద్రంలో పూర్తిగా మునిగి ఉండే భాగానికి ప్రమాణం ఇచ్చిన తరగతి ‘తీవ్రం’. నీటి తుంపర పడే భాగానిది ‘అతి తీవ్రం’. ఆటుపోట్ల మధ్య తడిసి ఆరే భాగానిది అన్నిటికన్నా పైన ఉండే ‘విపరీతం’. నీటి అడుగున ప్రాణవాయువు అంతగా అందదు, అందుకే అక్కడ ఉప్పున్నా తుప్పు నెమ్మది. తడిసి ఆరే చోట ఉప్పూ, తేమా, గాలీ మూడూ పుష్కలం. అందుకే కవర్ కూడా 45, 50, 75 మిల్లీమీటర్లుగా పెరుగుతూ పోతుంది. కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, బాపట్ల మీదుగా ఒంగోలు దాకా పోయే 216వ నంబరు జాతీయ రహదారి మీద గోదావరి పాయలు దాటినా, ఉప్పుటేరులు దాటినా ఈ తరగతుల్లో ఏదో ఒకటి మన కాళ్ళ కింద ఉంటుంది.

గోవాలో మాండవి నది మీది పాత నెహ్రూ వంతెన సముద్రపు ముఖద్వారానికి దగ్గర. కట్టి రెండు దశాబ్దాలు నిండకముందే, 1986 జులైలో కూలింది. లోపల బిగించిన ఉక్కు తీగలు తుప్పుపట్టడమే ముఖ్య కారణమన్నారు.

రెండు రేవుకట్టలు, ఒకే సముద్రం

మెక్సికోలోని యూకటాన్ తీరంలో ప్రొగ్రెసో అనే ఊరుంది. అక్కడ సముద్రంలోకి రెండు కిలోమీటర్లకు పైగా చొచ్చుకుపోయే కాంక్రీటు రేవుకట్టను 1937 నుంచి 1941 దాకా కట్టారు. ఆ ప్రాంతంలో దొరికే కంకర సున్నపురాయి, నాణ్యత అంతంతమాత్రం. కాంక్రీటులోకి ఉప్పు దిగడం ఖాయమని కట్టేవాళ్ళకు ముందే తెలుసు. అందుకే అప్పటికింకా కొత్త సరుకైన స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలు, 200 టన్నులకు పైగా, తెప్పించి వేశారు. మన వంటింటి గిన్నెల్లో వాడే 304 రకమే అది.

1960లలో దాని పక్కనే ఇంకో రేవుకట్ట కట్టారు. ఈసారి మామూలు ఉక్కు చువ్వలే. ఇప్పుడు ఆకాశం నుంచి తీసిన ఫోటో చూస్తే పాతది నిటారుగా సముద్రంలోకి పోతూ ఉంటుంది, దాని మీద లారీలు నడుస్తుంటాయి. కొత్తదాని జాగాలో నీళ్ళలో కొన్ని మొండి మొదళ్ళు తప్ప ఏమీ లేవు. 1990ల చివర పాతదాన్ని పరీక్షించినప్పుడు చువ్వల దగ్గర క్లోరైడు మామూలు ఉక్కుకు ప్రమాదకరమైన స్థాయిని ఎప్పుడో దాటేసి ఉంది. అయినా చెప్పుకోదగ్గ తుప్పు లేదు.

స్టెయిన్‌లెస్ చువ్వ ధర మామూలు చువ్వకు చాలా రెట్లు, ఆ మాట నిజమే. కానీ వంతెన మొత్తానికీ అదే వేయమని ఎవరూ అనరు. తుంపర పడే స్తంభాలకూ, కీళ్ళ దగ్గరి భాగాలకూ వేస్తే చాలు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 2010లో తెరిచిన రెండో గేట్‌వే వంతెనను 300 ఏళ్ళ ఆయుష్షుతో డిజైను చేసినప్పుడు చేసింది అదే. 2025 ఏప్రిల్ 6న రామేశ్వరం దారిలో ప్రారంభమైన కొత్త పంబన్ రైలు వంతెనలోనూ స్టెయిన్‌లెస్ చువ్వలు వాడారు. ఉక్కు భాగాలకు పాలీసిలోక్సేన్ పూత వేశారు. ఖర్చు 550 కోట్ల రూపాయల పైమాట.

హేవ్‌లాక్ వంతెన ఎందుకు అన్నేళ్ళు నిలిచింది?

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీది హేవ్‌లాక్ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచాయి. రాతి స్తంభాలు, పైన ఉక్కు గర్డర్లు. దాని బదులు వచ్చిన ఆర్చి వంతెన కాంక్రీటుది, ఇప్పుడు పోస్టుకార్డుల మీద ఉండేది అదే.

ఉక్కు వంతెనకు తుప్పు పడితే దారిన పోయేవాడికీ కనపడుతుంది. అందుకే రంగు వేయక తప్పదు, రైల్వేలో దానికో గ్యాంగు, దానికో తేదీ ఉంటాయి. కాంక్రీటు వంతెనను మాత్రం ‘దీనికి మెయింటెనెన్సే ఉండదండీ’ అని చెప్పి అమ్మారు. నా ఉద్దేశంలో గత వందేళ్ళలో వంతెనల గురించి చెప్పిన మాటల్లో అత్యంత ఖరీదైనది ఇదే. లోపలిది కనపడదు కాబట్టి బడ్జెట్లో దానికి పద్దు పడదు. కాంక్రీటు వంతెనలకు మన దేశంలో వర్తించే ఐఆర్‌సీ 112 నియమావళి మామూలుగా 100 ఏళ్ళ డిజైను ఆయుష్షు అంటుంది. ఆ వందేళ్ళూ చూసుకుంటారన్న నమ్మకంతో వేసిన లెక్క అది.

57 ఏళ్ళకే సెలవు పుచ్చుకున్న వంతెన

ఖర్చు సంగతి పూర్తిగా అర్థం కావాలంటే కెనడాలోని మాంట్రియల్ వెళ్ళాలి. సెయింట్ లారెన్స్ నది మీద షాంప్లెయిన్ వంతెనను 1962లో తెరిచారు. అక్కడ సముద్రం లేదు. ఉప్పును మనుషులే తెచ్చి పోశారు. చలికాలంలో రోడ్డు మీద మంచు కరగడానికి టన్నులకొద్దీ ఉప్పు చల్లుతారు. వంతెన డిజైను చేసిననాటి లెక్కల్లో ఆ ఉప్పు లేదు.

కరిగిన ఉప్పు నీళ్ళు ఎటు పోవాలన్నదీ సరిగ్గా ఆలోచించలేదు. రోడ్డు మీది నీళ్ళు జారి నేరుగా అంచు గర్డర్ల మీద పడేవి. ఆ గర్డర్లన్నిటినీ అడ్డంగా ఉక్కు తీగలతో కలిపి బిగించి కట్టారు. డిజైను చేసిన రోజుల్లో అది పొదుపు, చాకచక్యం. తీరా తుప్పుపట్టాక తెలిసిందేమిటంటే, ఒక గర్డరు పాడైతే దాన్నొక్కదాన్నీ తీసి కొత్తది పెట్టే వీలు లేదు. మందు వేస్తూ నెట్టుకురావడమే.

అలాగే నెట్టుకొచ్చారు. బయటి నుంచి అదనపు తీగలు బిగించారు, కింద ఉక్కు ట్రస్సులు దన్నుగా పెట్టారు, సెన్సర్లు అంటించారు. 2013 నవంబరులో ఒక అంచు గర్డరులో పగులు పెద్దదైంది. ఇలాంటి రోజు వస్తుందని ముందే చేయించి దాచిపెట్టిన 75 టన్నుల ఉక్కు దూలాన్ని హడావుడిగా తెచ్చి పైనుంచి వేసి, ఆ గర్డరును దానికి వేలాడదీశారు. ‘సూపర్ బీమ్’ అని పేపర్లు ముద్దుపేరు పెట్టాయి. లేన్లు మూసినన్ని రోజులూ ఊరు ట్రాఫిక్‌లో నిలబడిపోయింది.

2019లో పక్కనే కొత్త వంతెన తెరిచి పాతదానికి సెలవిచ్చారు. వయసు 57. కొత్తదానికి, దాని పక్క రోడ్లకూ దీర్ఘకాల నిర్వహణ ఒప్పందానికీ కలిపి దాదాపు 420 కోట్ల కెనడా డాలర్లు. పాతదాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి తీసేయడానికే ఇంకో 40 కోట్ల డాలర్ల దాకా. కూల్చడానికి కూడా ఇంత ఖర్చవుతుందని టెండరు తెరిచిన రోజున ఎవరూ లెక్క రాయరు. కొత్తదాని ఆయుష్షు లక్ష్యం 125 ఏళ్ళు. ఉప్పు తగిలే చోట స్టెయిన్‌లెస్ చువ్వలు వేశారు. ఈసారి నీళ్ళకు దారి కూడా పెట్టారు.

రూపాయి, ఐదు, పాతిక, నూట పాతిక

డి సిట్టర్ అనే ఇంజనీరు 1984లో ఒక లెక్క చెప్పాడు. ఇంజనీర్లు దాన్ని ఐదుల సూత్రం అంటారు. డిజైనులోనూ కట్టడంలోనూ పెట్టాల్సిన ఒక్క రూపాయి జాగ్రత్త ఎగ్గొడితే, తుప్పు మొదలుకాకముందు చేసే నిర్వహణకు ఐదు రూపాయలవుతుంది. అదీ ఎగ్గొట్టి తుప్పు మొదలయ్యాక రిపేరు చేస్తే పాతిక. అదీ వాయిదా వేస్తే నూట పాతిక, అంటే దాదాపు మార్చి కట్టుకోవడమే. ఖచ్చితమైన లెక్క కాదు, మోటు లెక్క. కానీ షాంప్లెయిన్ కథ చదివాక ఎక్కువ చెప్పాడని అనిపించదు.

అమెరికాలో 2002లో వెలువడిన ప్రభుత్వ అధ్యయనం హైవే వంతెనల తుప్పు మీద ఏటా 830 కోట్ల డాలర్లు నేరుగా ఖర్చవుతున్నాయని తేల్చింది. రిపేర్ల కోసం రోడ్డు మూస్తే జనం ట్రాఫిక్‌లో పోగొట్టుకునే సమయం, తగలేసే పెట్రోలు వగైరా కలిపితే నష్టం అందుకు పది రెట్ల దాకా ఉండొచ్చని కూడా అంది. ఆ పది రెట్లూ ఏ శాఖ ఖాతాలోనూ పడవు. మన జేబుల్లోంచి పోతాయి.

పూత వేస్తే చాలదా?

చువ్వకు ఆకుపచ్చ ఎపాక్సీ పూత వేస్తే ఉప్పు అంటదని 1970లలో అనుకున్నారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1973లో మొదటిసారి ఒక వంతెనలో వాడారు. ఫ్లోరిడా దక్షిణాన దీవులను కలిపే పొడవాటి సముద్ర వంతెనల స్తంభాల్లోనూ అవే వేశారు. వాటిలో ఒకటైన లాంగ్ కీ వంతెన స్తంభాల్లో తుంపర పడే చోట ఐదారేళ్ళకే, 1986లో, తుప్పు బయటపడింది. రవాణాలో, వంచడంలో, విసిరేయడంలో పూతకు గీతలు పడతాయి. వెచ్చని ఉప్పునీటిలో పూత కింద పట్టు ఊడిపోయింది. ఫ్లోరిడా తన వంతెనల్లో దాన్ని మానేసింది. చలిదేశాల రోడ్డు పలకల్లో మాత్రం అదే చువ్వ బాగానే పనిచేసిన చోట్లున్నాయి. పూతను నిందించే ముందు దాన్ని లారీలోంచి ఎలా దించారో చూడాలి.

అతుకు వేస్తే పక్కన మొదలు

పెచ్చు ఊడిన చోట చువ్వ గీకి, కొత్త మాల్ పూసి వెళ్ళిపోతారు. రెండు మూడేళ్ళకు సరిగ్గా ఆ అతుకు అంచు పక్కన కొత్త పెచ్చు లేస్తుంది. మేస్త్రీ పని పాడుచేశాడని తిడతాం. పాపం అతని తప్పు సగమే. తుప్పంటే విద్యుత్ రసాయన చర్య. తుప్పుపడుతున్న ముక్క తాను కరుగుతూ అటూ ఇటూ ఉన్న చువ్వను కాపాడుతూ ఉంటుంది. శుభ్రమైన మాల్‌తో ఆ ముక్కను నయం చేశారంటే, ఇన్నాళ్ళూ దాని చాటున బతికిన పక్క ముక్కకు వంతు వస్తుంది. అక్కడి పాత కాంక్రీటులో ఉప్పు నిండుగా ఉంది మరి. అందుకే ఉప్పు దిగిన కాంక్రీటును పెచ్చు ఊడినంత మేరకే కాక ఇంకా అవతలిదాకా తొలగించాలి, లేదా జింకు ముక్కలు పెట్టి వాటిని బలివ్వాలి. పెద్ద పనుల్లో చువ్వలకు చిన్న విద్యుత్ ప్రవాహం ఇచ్చి తుప్పును ఆపుతారు. వంతెన పలకకు ఆ వైద్యం మొదట చేసింది కాలిఫోర్నియాలో, 1973లో.

తుప్పు ఎక్కడుందో బయటికి కనపడకముందే పట్టుకునే పరీక్ష కూడా పాతదే. వోల్టుమీటరు ఒక తీగను చువ్వకు కలుపుతారు, రెండోదాన్ని కాపర్ సల్ఫేటు ద్రావణంలో రాగి కడ్డీ ఉన్న గొట్టానికి. ఆ గొట్టం కొసకు తడి స్పాంజి పెట్టి కాంక్రీటు మీద గళ్ళు గీసి ఒక్కో గడి దగ్గరా ఆనిస్తూ పోతారు. మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే దిగువకు పోతే అక్కడ తుప్పు నడుస్తోందనడానికి 90 శాతానికి పైగా అవకాశం. అంతకన్నా చవక పరీక్ష సుత్తితో కొట్టి వినడం. పొర విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది.

కట్టినవాడే హెచ్చరించాడు

ఇటలీలోని జెనోవాలో 1967లో తెరిచిన వంతెనను అందరూ డిజైనర్ రికార్డో మొరాండీ పేరుతోనే పిలిచేవారు. పలకను పట్టుకునే ఉక్కు తీగలకు ఆయన కాంక్రీటు తొడుగు వేశాడు, తుప్పు పట్టకుండా. ఆ తొడుగే తీగలను చూడనివ్వకుండా చేసింది. ఒకవైపు సముద్రపు గాలి, మరోవైపు ఉక్కు కర్మాగారం పొగ. కాంక్రీటు అనుకున్నదానికంటే వేగంగా పాడవుతోందని, నిత్యం కాపాడుకోవాలని 1979లోనే మొరాండీ స్వయంగా నివేదిక రాశాడు. 1990ల మొదట్లో ఒక టవరు తీగలకు బయటి నుంచి కొత్త ఉక్కు కట్టి బలపరిచారు. మిగతా వాటికి అంత పని జరగలేదు. 2018 ఆగస్టు 14న, వానలో, అలా బలపరచని ఒక టవరు కూలింది. 43 మంది చనిపోయారు. 2020లో దాని స్థానంలో వచ్చిన వంతెనకు తనిఖీ చేసే రోబోలూ, లోపలి తేమ తీసే యంత్రాలూ పెట్టారు.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో కరోలా వంతెన అదృష్టం వేరు. 2024 సెప్టెంబరు 11 తెల్లవారుజామున దాని ఒక భాగం నదిలో పడింది. కొద్ది నిమిషాల ముందే దాని మీద ట్రామ్ పోయింది, పడేటప్పుడు మాత్రం ఎవరూ లేరు. కట్టేరోజుల్లో తడి తగిలి బిగింపు తీగల్లో మొదలైన సూక్ష్మ పగుళ్ళు 50 ఏళ్ళు నెమ్మదిగా పెరిగాయని పరిశోధకులు తేల్చారు. వేల్స్‌లో 1953లో కట్టిన ఇనిస్-ఎ-గ్వాస్ వంతెన కూడా ఇలాగే ముందస్తు సూచన లేకుండా 1985లో కూలింది. అలాంటి బిగింపు తీగలకు సిమెంటు పాలు పోసి మూసేసే పద్ధతిలో కొత్త వంతెనలను బ్రిటన్ 1992లో కొంతకాలం ఆపేసింది.

బూడిద, స్లాగ్

థర్మల్ కేంద్రాల బూడిదనూ, ఉక్కు కొలిమి స్లాగ్‌నూ సిమెంటులో తగు పాళ్ళలో కలిపితే రంధ్రాలు సన్నబడి క్లోరైడు లోపలికి చొరబడడం బాగా నెమ్మదిస్తుంది. వ్యర్థం కలిపారు, కల్తీ అని కొందరు ముఖం తిప్పుకుంటారు. సముద్రతీరంలో నిజానికి అదే మేలు రకం. ఒక షరతు, దీనికి ఎక్కువ రోజులు నీళ్ళు కొట్టాలి. మూడో రోజుకే గోనెలు తీసేసేవాళ్ళకు ఇది పనికిరాదు.

ఇక మీ వంతు

కొత్త వంతెనకు శిలాఫలకం ఉంటుంది. తూములో ఇరుక్కున్న మట్టి తీసినందుకు ఎవరికీ శిలాఫలకం ఉండదు, అందుకే అది ఎవరూ తీయరు. మీ ఊరి వంతెన మీద వానాకాలంలో నీళ్ళు నిలుస్తున్నాయా, కీళ్ళ గుండా స్తంభం తల మీదికి కారుతున్నాయా, గర్డరు అడుగున చువ్వ వెంబడి గోధుమ రంగు గీత ఉందా అన్నది చూడడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. కనపడితే ఫోటో తీసి, దగ్గరి కిలోమీటరు రాయి నంబరుతో సహా ఆర్ అండ్ బీ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. జాతీయ రహదారి అయితే 1033కు ఫోన్ చేయండి.